అమెరికా హైస్కూల్లో చీర్, పామ్, పెప్ స్క్వాడ్: ఏడాదంతా ఎలా ప్లాన్ చేసుకోవాలి

పిల్ల చీర్‌లో చేరతానంటే ముందు ఏ స్క్వాడో కనుక్కోండి, బయట నించి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి గానీ పని వేరు. చీర్ అంటే కేకలు, జంప్స్, టంబ్లింగ్ అనే పల్టీలు, స్టంట్స్, అంటే ముగ్గురు నలుగురు కలిసి ఒకమ్మాయిని పైకెత్తి నిలబెట్టడం. పామ్ అంటే చేతుల్లో పామ్స్‌తో, అంటే మెరిసే పోగుల గుత్తులతో, డాన్స్, అందరి చేతులూ ఒకే కౌంట్‌కి ఒకే చోట ఆగాలి. పెప్ స్క్వాడ్ అంటే స్టాండ్స్‌లో ఉండి జనాన్ని లేపే బ్యాచ్, పోస్టర్లు, బ్యానర్లు, లాకర్ డెకరేషన్లు ఎక్కువగా వాళ్ళవే, పల్టీలు రావాల్సిన పన్లేదు. కొన్ని స్కూళ్ళలో మూడూ ఉంటాయి, కొన్నిట్లో ఒకటే, టెక్సస్‌లో అయితే డ్రిల్ టీమ్ అని వరసగా నిలబడి చేసే డాన్స్ టీమ్, అదింకో లోకం. కూచిపూడో భరతనాట్యమో నేర్చుకున్న పిల్లకి తాళం, నిలకడ ముందే ఉంటాయి కాబట్టి నా ఓటు పామ్‌కే, కానీ "చీర్ రాకపోతే పామ్ ఉందిగా" అని మాత్రం ఇంట్లో అనకండి, అదేం రెండో రకం సరుకు కాదు.

అబ్బాయి అడిగినా మొహం చిట్లించకండి, 1898లో మిన్నెసోటా యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో జనం ముందుకొచ్చి కేకలు పెట్టించిన జానీ క్యాంప్‌బెల్ మగాడే, ఆ యూనివర్సిటీలో ఆడపిల్లలు ఇందులోకి వచ్చింది 1923లో. ఇంకోటి, మనవాళ్ళకి చీర్‌లీడర్ అనగానే ఐపీఎల్ గుర్తొస్తుంది, ఆ భయం పక్కన పెట్టండి. హైస్కూల్ రూల్స్ ప్రకారం నిటారుగా నిలబడినప్పుడు పొట్ట కనపడకూడదు, షెల్ అనే పై టాప్ కింద చేతులు నిండా ఉండే బాడీలైనర్ వేసుకునే టీమ్స్ బోలెడు.

ట్రయౌట్స్ చాలా స్కూళ్ళలో స్ప్రింగ్‌లోనే అయిపోతాయి, వచ్చే ఏడాది టీమ్‌కి ఇప్పుడే సెలెక్షన్ అన్నమాట, అందుకే ఎనిమిదో క్లాస్‌లో ఉన్నప్పుడే హైస్కూల్ వెబ్‌సైట్ మీద కన్నేసి ఉంచండి, ఆగస్టులో అడిగితే బస్సు వెళ్ళిపోయినట్టే. ఆటలకి ఒళ్ళు బాగుందని డాక్టర్ సంతకం పెట్టిన స్పోర్ట్స్ ఫిజికల్ ఫామ్ లేకపోతే చాలాచోట్ల లోపలికే రానివ్వరు, అపాయింట్‌మెంట్ ముందే తీసుకోండి. ట్రయౌట్‌కి ముందు క్లినిక్ అని ప్రాక్టీస్ క్లాసులు పెట్టి ఒక చీర్, ఒక చిన్న డాన్స్ నేర్పిస్తారు. జడ్జీలు చూసేది బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి చేతుల మీదుగా వేసే పల్టీ) ఒక్కటే అనుకుంటారు గానీ మోషన్స్, అంటే చేతుల భంగిమల దగ్గర చాలామంది దొరికిపోతారు. హై వీ తీసుకోండి, చేతులు రెండూ పైకి వీ ఆకారంలో, అంతే కదా అనిపిస్తుంది. కానీ చేతులు భుజాల వెనక్కి పోకూడదు, తల తిప్పకుండా కంటి చివర్నించి రెండు పిడికిళ్ళూ కనపడేంత ముందుకి ఉండాలి, మణికట్టు వంగకూడదు, బొటనవేలు పిడికిలి లోపల దాక్కోకూడదు, భుజాలు చెవుల దాకా ఎగబాకకూడదు. అద్దం ముందు చేస్తే సరిపోదు, ఫోన్‌లో వీడియో తీసి స్లోగా చూసుకోమనండి, చెయ్యి ఆగాల్సిన చోట ఆగకుండా ఊగుతుంటే అందులో తెలిసిపోతుంది.

సెలెక్ట్ అయ్యాక వచ్చేది బిల్లు. యూనిఫామ్, షూస్, బ్యాగ్, జుట్టుకి పెట్టుకునే బో, క్యాంప్ అన్నీ కలిపి వందల డాలర్లు, ట్రావెల్ చేసి కాంపిటీషన్స్ ఆడే టీమ్ అయితే వెయ్యి దాటడం మామూలే. ఇన్‌స్టాల్‌మెంట్స్ ఉన్నాయా, ఫండ్‌రైజింగ్ డబ్బు పిల్ల ఖాతాలో పడుతుందా టీమ్ ఖాతాలోనా అని మీటింగ్‌లోనే అడిగేయండి, మొహమాటపడొద్దు. కాంట్రాక్ట్‌లో గ్రేడ్స్, ఆబ్సెన్స్, సోషల్ మీడియా రూల్స్ చదవండి. 2017లో పెన్సిల్వేనియాలో వార్సిటీ, అంటే స్కూల్ మెయిన్ టీమ్, దక్కని పిల్ల కోపంలో స్నాప్‌చాట్‌లో బూతు పెడితే జేవీ అనే జూనియర్ టీమ్ నించి ఏడాది పక్కన పెట్టారు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2021లో 8-1తో ఆ పిల్లే గెలిచింది, కానీ అప్పటికి హైస్కూలే అయిపోయింది.

సమ్మర్‌లో క్యాంప్. 1948లో లారెన్స్ హెర్కిమర్ టెక్సస్‌లో మొదటి క్యాంప్ పెట్టినప్పుడు వచ్చింది 52 మంది అమ్మాయిలు, ఒక్క అబ్బాయి, ఇప్పుడు ఎన్‌సీఏ, యూసీఏ అనే చీర్ సంస్థల క్యాంప్స్‌కి టీమ్ మొత్తం కదిలి వెళ్తుంది. స్టంట్ గ్రూపులు చాలావరకు ఇక్కడే కుదురుతాయి, ఎవరు ఫ్లయర్ (పైకెక్కే అమ్మాయి), ఎవరు బేస్ (కింద మోసేవాళ్ళు), ఎవరు బ్యాక్‌స్పాట్ (వెనక నించి పట్టుకునేవాళ్ళు) అని. ఇంట్లో అందరికీ ఫ్లయరే కావాలి, అసలు బరువంతా బేస్‌లది, పడితే తలా మెడా కాపాడేది బ్యాక్‌స్పాట్. ఈ క్యాంప్ మిస్ అయితే ఆ గ్రూపులో చోటు పోయే అవకాశం ఉంది, కాబట్టి ఇండియా టికెట్లు కొనేముందు కోచ్ క్యాలెండర్ చూడండి. ముక్కు కుట్టించే ఆలోచనుంటే అదీ ఆలోచించుకోండి, రూల్స్ ప్రకారం నగలేవీ పనికిరావు, ముక్కుపుడకకి టేప్ వేస్తామంటే కుదరదు, తీసెయ్యాల్సిందే, కొత్తగా కుట్టింది తీస్తే పూడిపోతుంది.

కొత్త పామ్స్ చదునుగా అణిగిపోయి వస్తాయి, అట్టలా. ఒక్కో పోగు విడదీసి, మొదలు దగ్గర్నించి చివరిదాకా గుప్పిట్లో నలపాలి, లోపలి పొరతో మొదలుపెట్టి బయటికి రండి. వేళ్ళు నొప్పెడతాయి, ఒక సాయంత్రం పోతుంది, టీవీ ముందు కూర్చుని ఇంటిల్లిపాదీ చేసుకునే పని. సీజన్‌లో వాటిని బ్యాగ్ అడుగున కుక్కకుండా చూస్తే చాలు.

ఫాల్ అంటే శుక్రవారం రాత్రుళ్ళు ఫుట్‌బాల్‌కి రాసిచ్చేసినట్టే, పాత విద్యార్థులు కూడా వచ్చే స్కూల్ పండగ హోమ్‌కమింగ్ వారంలో అయితే రోజుకో వేషం వేసే స్పిరిట్ డేస్, జిమ్‌లో అందరూ చేరి కేకలు పెట్టే పెప్ ర్యాలీ, ఆటగాళ్ళు చింపుకుని బయటికొచ్చే పేపర్ బ్యానర్, పిల్ల ఇంట్లో కనపడదు. ఆట అర్థం కాకపోతే సైడ్‌లైన్‌లో నవ్వులపాలవుతారు, బంతి అవతలివాళ్ళ దగ్గరుంటే డిఫెన్స్ చాంట్, మనవాళ్ళ దగ్గరుంటే ఆఫెన్స్ చాంట్, అందుకని డౌన్స్ లెక్క (బంతి ముందుకి తీసుకెళ్ళడానికి దొరికే ప్రయత్నాలు) ఆగస్టులోనే నేర్పండి. ఎవరికైనా దెబ్బ తగిలి ఆట ఆగితే కేకలు ఆపెయ్యాలి.

వింటర్‌లో బాస్కెట్‌బాల్, జిమ్ లోపల గట్టి నేల మీద. ఫ్లయర్‌ని గాల్లోకి ఎగరేసే బాస్కెట్ టాస్ లాంటివి అక్కడ మ్యాట్ లేకుండా చెయ్యనివ్వరు, ఏ టీమైనా చేస్తుంటే కోచ్‌ని నిలదీయండి. తలకి దెబ్బ తగిలి తిరుగుతున్నట్టుందంటే ఆ రోజుకి ఆపెయ్యడమే, మళ్ళీ దిగాలంటే డాక్టర్ ఓకే అనాలి, పిల్ల ఎంత బతిమాలినా సరే. బాగా ఆడే టీమ్స్‌కి ఫిబ్రవరిలో ఒర్లాండోలో యూసీఏ నేషనల్స్ ఉంటుంది, అది వేరే ఖర్చు, వేరే కథ.

సీజన్ అయ్యాక యూనిఫామ్ స్కూల్‌దైతే తిరిగిచ్చెయ్యాలి. చల్లనీళ్ళలో ఉతికి నీడలో ఆరెయ్యండి, డ్రయర్‌లో వెయ్యొద్దు, అక్షరాలు ఊడొస్తే ఆ డబ్బు మీ దగ్గరే వసూలు చేస్తారు. ఈలోగా మళ్ళీ ట్రయౌట్స్ డేట్ వచ్చేస్తుంది, పాత మెంబరైనా చాలాచోట్ల మళ్ళీ మొదట్నించీ రావాల్సిందే, కొత్త ఫిజికల్ కావాలేమో ఆ పాత ఫామ్ మీద తేదీ చూసుకోండి.