జెల్ల ముల్లు గుచ్చుకుంటే వేడినీళ్లే మందు

కొత్తపట్నం ఒడ్డున బోట్లు దిగేటప్పుడు వెళ్లి జెల్ల చేపలు తెచ్చుకునేవాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. కత్తిపీట ముందు కూర్చోగానే మొదట మూడు ముళ్లు తీసేయాలి: వీపు మీద ఒకటి, మొప్పల వెనక చెరోవైపు ఒకటి. కటింగ్ ప్లయర్‌తో ముల్లు మొదలు దగ్గర పట్టి విరిచేయండి. ఆ ముల్లు అంచు రంపంలా ఉంటుంది, విషం కూడా ఉంటుంది. చేప చచ్చినా గుచ్చుకుంటే మంట మంటే.

పోయినేడు నా బొటనవేలికి దిగింది. మోచేతి దాకా సలుపు. పక్కింటి పెద్దమ్మ గిన్నెలో వేడినీళ్లు తెచ్చి చెయ్యి ముంచమంది. అరగంటకు ప్రాణం కుదుటపడింది. ఆ విషం వేడికి చెడిపోతుంది, అందుకే ఐస్ పెట్టకండి. నీళ్లు ఓర్చుకోగలిగినంత వేడిగా, 45 డిగ్రీలు దాటకుండా ఉండాలి. వేడి ఎంతుందో దెబ్బ తగలని చేత్తోనే చూడండి, తిమ్మిరెక్కిన చెయ్యి కాలినా తెలియదు. చల్లారితే మార్చుతూ గంటా గంటన్నర దాకా ఉంచొచ్చు.

రాళ్ల సందుల్లో దాక్కునే ముళ్లచేపలకీ, టేకు చేప (స్టింగ్‌రే) తోక ముల్లుకీ ఇదే పద్ధతి. ముల్లు లోపల విరిగినా, వాపు పెరిగినా, ఊపిరి ఆడకపోయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. టీటీ ఇంజెక్షన్ సంగతి అక్కడే అడగండి.