ఇంటిపేరు ఏ దేశంలో ఎంత? నాలుగో పాఠం: లేదు అంటే సున్నా కాదు

అమెరికా జనగణన ఇంటిపేర్ల ఫైల్లో మీ ఇంటిపేరువాళ్లు ఎందరో వెతకమన్నది పోయిన పాఠం అభ్యాసం. వచ్చిన జవాబుల్లో చాలావాటిది ఒకటే మాట: "అమెరికా ఫైల్లో మా ఇంటిపేరు లేదు, అంటే అక్కడ మావాళ్లెవరూ లేరు." అందుకే ఈసారి రావాల్సిన కొరియా ఇంటిపేర్ల పాఠం వెనక్కి జరిగింది.

అమెరికా జనగణన శాఖ 2010 లెక్కల నుంచి ఇచ్చిన ఆ జాబితాలో కనీసం 100 మందికి ఉన్న ఇంటిపేర్లే ఉంటాయి. అలాంటివి 1,62,253. మీవాళ్లు 99 మంది ఉన్నా మీ పేరు అందులోకి ఎక్కదు. కాబట్టి సున్నా కొట్టేసి "100 లోపు" అని దిద్దుకోండి.

అయితే అది కూడా ఒక స్పెల్లింగుకే. కరీంనగర్, సిరిసిల్ల వైపు వినబడే ఎలగందుల అనే ఇంటిపేరు తీసుకోండి. తెలుగులో రాయడం తేలికే. పాస్‌పోర్టుకు వచ్చేసరికి మొదటి అక్షరం ఈ అయినా కావచ్చు, వై అయినా కావచ్చు. ఎల్ తర్వాత ఏ ఉంటుంది, ఉండదు. 'ద'కు ఒకరు డీ రాస్తారు, ఇంకొకరు డీ పక్కన హెచ్ కూడా పెడతారు. ఇంతకే 8 రూపాలయ్యాయి. ఫైల్లో ఒక్కో రూపానిది ఒక్కో వరుస. మూడు రూపాల్లో 90, 70, 60 మంది ఉన్నారనుకోండి. మొత్తం 220 మంది ఉండి కూడా ఒక్క వరుసైనా కనబడదు.

నేను వాడే అడ్డదారి ఇది. ఎక్సెల్లో కొత్త కాలమ్ పెట్టి, సబ్‌స్టిట్యూట్ ఫార్ములాను ఒకదానిలో ఒకటి దూర్చి ఏ, ఈ, ఐ, ఓ, యూ, వై, హెచ్ అనే ఏడు అక్షరాలూ తీసేయండి. ఎలగందుల ఏ రూపంలో ఉన్నా ఎల్, జీ, ఎన్, డీ, ఎల్ మిగులుతాయి. ఆ కాలమ్ మీద ఫిల్టర్ వేస్తే రూపాలన్నీ ఒక్కచోటికొస్తాయి. ఫైల్లో అన్నీ పెద్ద అక్షరాలు, ఫార్ములాలో కూడా పెద్దవే ఇవ్వాలి. చిన్నవి ఇస్తే ఏదీ పోదు, ఫార్ములా పాడైందనుకుంటారు. ఫిల్టర్‌లో మనవి కాని పేర్లు కూడా కొన్ని పడతాయి, వాటిని కంటితో ఏరేయాల్సిందే.

ఇక చిరాకు తెప్పించిన సంగతి. "మా బండ వాళ్లు ఆఫ్రికాలో బాగా ఉన్నారు" అని ఒక జవాబు. బండ మన ఇంటిపేరే, వరంగల్‌లో రాజకీయ నాయకుడు బండా ప్రకాశ్ పేరు తెలియనివాళ్లు తక్కువ. మలావీ మొదటి అధ్యక్షుడు హేస్టింగ్స్ బండా. తర్వాత అదే దేశానికి జాయిస్ బండా, పక్కనున్న జాంబియాకు రుపియా బండా అధ్యక్షులయ్యారు. ఇంగ్లిషులో అవే అయిదు అక్షరాలు, అంతమాత్రాన మనింటి పేరైపోదు. అక్షరాలు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదండీ! సంఖ్య రాసుకునే ముందు ఆ పేరువాళ్లలో ఆసియా మూలాలవాళ్లు ఎంత శాతమో చెప్పే కాలమ్ చూడండి. అమెరికాలో 'లీ' ఇంటిపేరువాళ్లు సుమారు 6.9 లక్షలు, వాళ్లలో ఆసియావాళ్లు సుమారు 42 శాతమే, మిగతావాళ్లలో తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఉన్నారు. ఆ గడిలో అంకె బదులు ఎస్ అక్షరం ఉంటే, వ్యక్తుల వివరం బయటపడకుండా దాచారని అర్థం. దాన్నీ సున్నా చేయొద్దు. ఈ కాలమ్ కూడా అన్నిసార్లూ కాపాడదు: మన మల్ల, నేపాల్ మల్ల ఇద్దరూ ఆసియానే. అలాంటప్పుడు "విడదీయలేం" అని రాయండి, అదీ జవాబే.

రెండు దేశాలను పోల్చేటప్పుడు తలల లెక్క కాదు, లక్షకు ఎందరన్నది కావాలి. అమెరికాలో గార్సియా అనే ఇంటిపేరువాళ్లు 11,66,120 మంది. ఆ జాబితా లెక్కలోకి తీసుకున్న జనం 29,49,79,229. భాగించి లక్షతో గుణిస్తే 395. స్పెయిన్‌లో గార్సియాలు 14 లక్షల పైచిలుకే, కానీ అక్కడ లక్షకు దాదాపు 3,000. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, అందుకే వాళ్ల గణాంక సంస్థ పట్టికలో మొదటి పేరు, రెండో పేరు వేర్వేరు కాలమ్‌లు. మొదటిదే తీసుకోండి. రెండూ కూడితే ఒకే జనాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

మన దేశంలో జనగణన శాఖ ఇంటిపేర్ల జాబితా ఇవ్వదు. ఓటరు జాబితాలే దిక్కు.

అభ్యాసం: పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్టు ముందేసుకుని ఇంట్లో అందరివీ కలిపి మీ ఇంటిపేరుకున్న స్పెల్లింగులన్నీ రాయండి. పైన చెప్పిన కాలమ్‌తో అమెరికా ఫైల్లో వెతికి, దొరికినవి కూడి, లక్షకు ఎందరో తేల్చండి. తర్వాత మీ పోలింగ్ కేంద్రం ఓటరు జాబితా తెరవండి. పీడీఎఫ్‌లో పేజీలు బొమ్మలుగా ఉంటాయి గనుక వెతుకులాట పనిచేయదు, వేలు పెట్టి లెక్కపెట్టాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర ఉంటుంది. కొన్నిచోట్ల పొడి అక్షరమే మిగులుతుంది. ఆ పొడి అక్షరాలవాళ్లను వేరే గడిలో వేయండి, ఊహించి కలపొద్దు. పెళ్లయిన ఆడవాళ్లను కూడా విడిగా రాయండి, కొందరిది పుట్టింటి పేరు, కొందరిది అత్తింటి పేరు. వెయ్యి మందిలో 12 మంది తేలారని లక్షకు 1,200 అనకండి, అది మీ వాడ లెక్క. హన్మకొండలో రెండు కేంద్రాలు, జగిత్యాలలో రెండు కేంద్రాలు ఇదే పద్ధతిలో లెక్కపెట్టి, అయిదు అంకెలూ పక్కపక్కన పెట్టి పంపండి.