ఫుకెట్‌లో కొనేముందు, తినేముందు అడగాల్సినవి

థాయ్‌లాండ్ దీవి ఫుకెట్‌లో చాలామంది జేబుకు చిల్లు పడేది ధరలు మండిపోయి కాదు, రాసిన ధర దేనికో కనుక్కోకపోవడం వల్ల. కిలోకా, వంద గ్రాములకా? పన్ను కలిపా, విడిగానా? ఇవి ఆర్డరు ఇవ్వకముందే తేల్చుకోవాలి.

సముద్రపు చేపలు వండే హోటళ్ల మెనూలో పీత పక్కన 250 బాత్ (థాయ్ డబ్బు) అని ఉంటే అది మొత్తం పీత ధర అనుకోవద్దు. చాలాచోట్ల అది ఒక ‘ఖీత్’ ధర, అంటే 100 గ్రాములకు. అదే లెక్కన 800 గ్రాముల పీత 2,000 బాత్ అవుతుంది. కళ్లెదుట తూయించి, మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే వంటింట్లోకి పంపనివ్వండి. కాస్త పెద్ద రెస్టారెంట్లలో ధర తర్వాత రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తాయి. ఒకటి 10 శాతం సర్వీసు చార్జి, రెండోది 7 శాతం వ్యాట్. సర్వీసు చార్జి కలిపాక దాని మీద కూడా వ్యాట్ వేస్తారు కాబట్టి 1,000 బాత్ భోజనం 1,177 దగ్గర తేలుతుంది. ఆపైన టిప్పు ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. వీధి బళ్ల దగ్గర ఈ లెక్కలేవీ లేవు, బోర్డు మీద ఉన్నంతే.

చేపలు ఇష్టమైతే దీవి దక్షిణాన ఉన్న రవాయ్ తీరానికి వెళ్లండి. సముద్రం మీదే బతికే చావ్‌లే జనం ఊరు పక్కనే ఉంటుంది. రోడ్డుకు ఒక వైపు చేపల కొట్లు, ఎదురుగా వాటిని వండిపెట్టే హోటళ్లు. ఇక్కడ డబ్బు రెండుసార్లు కట్టాలి: సరుకుకు ఒకచోట, వంటకు ఇంకోచోట. కొట్లో ధర కిలో లెక్కనేనా అని అడగండి. తూచేముందు సంచిలోని నీళ్లు వంపించండి, ఖాళీ త్రాసు సున్నా చూపుతోందో లేదో గమనించండి. చేప మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బుగా ఉండాలి. రొయ్య తల వేలాడుతున్నా, నల్లబడినా వదిలేయండి. పీతల్లో బతికున్నదాన్నే, అదీ సైజుకు తగ్గ బరువున్నదాన్నే ఏరుకోండి. ఇద్దరికి అరకిలో రొయ్యలు, 600 గ్రాముల చేప ఒకటి బాగా సరిపోతాయి. గాజుతొట్టిలో మీసాలు ఊపే లాబ్‌స్టర్‌ను చూసి మనసు పారేసుకుంటే బిల్లు ఎటో వెళ్లిపోతుంది. తూచిన సంచిని మీరే పట్టుకుని ఎదుటి హోటలుకు వెళ్లండి, మధ్యలో సరుకు మారే భయం ఉండదు. వంట కూలి కిలోకు ఇంతని ఉంటుంది. అన్నం, నీళ్లు, పానీయాలు వేరే. చేపకు నిమ్మరసంతో ఆవిరి మీద ఉడికించే ‘నెంగ్ మనావ్’, రొయ్యలకు వెల్లుల్లి వేపుడు ‘తోత్ క్రతియమ్’ అడగండి. తాజా సరుకును మసాలా కూరలో ముంచడం దాని రుచిని పాడుచేయడమే.

శాకాహారులకు అసలు చిక్కు ముక్కలతో కాదు, సాస్‌తో. కూరగాయల వేపుడులోనూ నామ్ ప్లా, అంటే చేపల సాస్, లేదా ఆయిస్టర్ సాస్ పడుతుంది. పచ్చి బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలుంటాయి. కూరల్లో వేసే మసాలా ముద్దల్లో రొయ్యల పేస్టు ఉంటుంది, దాన్ని వంటవాడు తర్వాత తీయలేడు. ‘వెజిటేరియన్’ అన్న మాట ఒక్కటే చాలదు. పసుపు మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ గుర్తున్న కొట్లు వెతకండి, అక్కడ మాంసం, చేప, గుడ్డు మాత్రమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. మిగతాచోట్ల ‘మై సై నామ్ ప్లా’ (చేపల సాస్ వేయొద్దు) అనండి. చైనా చాంద్రమాన పంచాంగంలో తొమ్మిదో నెలలో, సాధారణంగా సెప్టెంబరు చివర, అక్టోబరులో, తొమ్మిది రోజులు జరిగే శాకాహార ఉత్సవంలో ఊరంతా పసుపు జెండాలే. శాకాహారికి అంతకంటే మంచి అదను ఉండదు.

ఇక కొనుగోళ్లు. పాత ఊళ్లో తలాంగ్ రోడ్డు మీద ఆదివారం సాయంత్రం సంత జరుగుతుంది. బేరం ఆడొచ్చు, కానీ నవ్వుతూ ఆడాలి. గొంతు పెంచితే అమ్మేవాళ్లు ముఖం తిప్పుకుంటారు. ఒకే కొట్లో మూడు నాలుగు వస్తువులు తీసుకుని మొత్తం మీద తగ్గించమంటే తేలిగ్గా దిగుతారు. ముత్యాలైతే రెండిటిని మెల్లగా రాసి చూడండి. అసలువి సన్న ఇసుకలా గరగరలాడతాయి, పూత వేసినవి జారిపోతాయి. బుద్ధ విగ్రహాలను దేశం దాటించడానికి లలితకళల శాఖ అనుమతి కావాలి. పగడాలు, తాబేలు చిప్ప వస్తువుల జోలికి వెళ్లొద్దు.

కార్డు గీకేటప్పుడు మిషను రూపాయల్లోనా, బాత్‌లోనా అని అడిగితే బాత్ అనే చెప్పండి. రూపాయలంటే మారకపు రేటును అవతలివాళ్లే నిర్ణయిస్తారు, అది మీకు నష్టమే.

వ్యాట్ వాపసు కావాలంటే ఆ బోర్డున్న కొట్లో ఒకే రోజు కనీసం 2,000 బాత్ కొనాలి. పాస్‌పోర్టు చూపించి అక్కడే పీపీ10 ఫారం రాయించుకోవాలి. 2,000 బాత్‌లో ఉన్న పన్నే దాదాపు 131, అందులోంచి రుసుము కూడా పోతుంది కాబట్టి చిన్న బిల్లుకు ఈ తంటా దండగ. పెద్ద బిల్లయితే విమానాశ్రయంలో వరస తప్పొద్దు: పెట్టె చెక్‌ఇన్ చేయకముందే కస్టమ్స్ ముద్ర, ఇమిగ్రేషన్ దాటాక డబ్బు. సరుకున్న పెట్టెను ముందే బెల్టు మీద పెట్టేస్తే, చూపించమన్నప్పుడు చేతిలో ఫారం తప్ప ఏమీ మిగలదు.