కాలేజీలో ఇమేజ్ ఎడిటింగ్: అసలు ఫొటో చెడకుండా పని నేర్చుకోండి

కోర్సు మొదలైన కొత్తలో చాలామంది టూల్స్ పేర్లు, షార్ట్‌కట్లు బట్టీ పడుతూ కూర్చుంటారు. అంత అవసరం లేదు. క్రాప్, మూవ్, లాసో, బ్రష్, క్లోన్ స్టాంప్, హీలింగ్ బ్రష్, టెక్స్ట్ టూల్ చేతికి అలవాటైతే సెమిస్టర్ పని చాలావరకు నడిచిపోతుంది. వీటికంటే ముందు అలవాటు చేసుకోవాల్సింది వేరే ఉంది. తెరిచిన ఫొటోలోని పిక్సెళ్ల జోలికి పోకుండా, చేసే ప్రతి మార్పునూ విడి లేయర్ (ఫొటో మీద పరిచిన పారదర్శక పొర లాంటిది) మీద చేయాలి. ‘వెనకాల అంత వెలుగు వద్దు, కాస్త తగ్గించు’ అని లెక్చరర్ అంటే ఒక స్లయిడర్ జరిపితే సరిపోవాలి. అసలు ఫొటో మీదే చేసి సేవ్ కొట్టేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. 1994లో ఫొటోషాప్ 3.0తో లేయర్లు వచ్చేదాకా అందరూ పడ్డ పాటు ఇదే.

ఇంట్లో ఫొటోషాప్ లేనివాళ్లకు గింప్ ఉచితంగా దొరుకుతుంది. లేయర్లు, మాస్కులు (లేయర్‌లో ఏది కనిపించాలో, ఏది దాగాలో చెప్పేవి), కర్వ్స్ (గీతను వంచి వెలుగునీడలు మార్చే టూల్) అందులోనూ ఉన్నాయి. 2025లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి, వేసిన ఫిల్టర్‌ను తర్వాత మళ్లీ తెరిచి మార్చుకోవచ్చు కూడా. అయితే ల్యాబ్‌లో చేసిన పీఎస్‌డీ ఫైలు (లేయర్లతో సహా దాచే ఫొటోషాప్ ఫైలు) గింప్‌లో ఉన్నది ఉన్నట్టు తెరుచుకుంటుందని నమ్మకండి. ముఖ్యంగా అడ్జస్ట్‌మెంట్ లేయర్ల దగ్గర, అంటే కింది ఫొటో వెలుగును, రంగును మాత్రమే మార్చే లేయర్ల దగ్గర, తేడా వస్తుంది. ఒక అసైన్‌మెంట్‌ను ఏ సాఫ్ట్‌వేర్‌లో మొదలుపెడితే అందులోనే ముగించండి. కింద చెప్పిన షార్ట్‌కట్లు విండోస్ ఫొటోషాప్‌వి.

ఫొటో తెరవగానే మొదట చూడాల్సింది సైజు. 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) దగ్గర 6 × 4 అంగుళాల ప్రింట్‌కు 1800 × 1200 పిక్సెళ్లు కావాలి, ఏ4కు 3508 × 2480. నెట్‌లో దొరికిన 1200 × 800 ఫొటోను ఏ4 నిండా వేస్తే అంగుళానికి సుమారు 100 పిక్సెళ్లే దక్కుతాయి, దగ్గర్నుంచి చూస్తే మసకగా ఉంటుంది. ఇమేజ్ సైజ్ బాక్సులో 72 తీసేసి 300 కొట్టినంత మాత్రాన ఇది బాగుపడదు. రీశాంపుల్ టిక్ ఉంటే సాఫ్ట్‌వేర్ లేని పిక్సెళ్లను ఊహించి పూరిస్తుంది, టిక్ తీసేస్తే ప్రింట్ సైజు మాత్రమే తగ్గుతుంది.

తర్వాత హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో చీకటి (ఎడమ) నుంచి వెలుగు (కుడి) దాకా ఏ మెట్టు దగ్గర ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే గ్రాఫ్. కుడి అంచుకు గుట్టగా అతుక్కుని ఉంటే ఆకాశంలోనో తెల్లబట్టల్లోనో వివరం పోయిందన్నమాట. జేపెగ్ అయితే ఏ స్లయిడరూ దాన్ని వెనక్కి తేలేదు, కాబట్టి ప్రాక్టీసుకు అలాంటి ఫొటో తీసుకోకండి. 8 బిట్ ఫొటోలో ఒక్కో రంగు ఛానల్‌కు 256 మెట్లే ఉంటాయి. కర్వ్‌ను గట్టిగా లాగితే ఆ మెట్ల మధ్య ఖాళీలు పడి హిస్టోగ్రామ్ దువ్వెన పళ్లలా కనిపిస్తుంది, నీలాకాశంలో చారలు తేలతాయి. కెమెరా రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచిన ముడి ఫైలు) ఉంటే 16 బిట్‌లో తెరవడం మేలు.

ఇక మాస్క్. ఈ కోర్సులో ఎక్కువ గంటలు పెట్టాల్సింది దీనిమీదే. కిటికీ పక్కన కూర్చున్న మనిషి ఫొటో తీసుకోండి, ముఖం చీకటిగా, కిటికీ వెలుగ్గా ఉన్నది. కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి, గీతను మధ్యలో పట్టుకుని ముఖం బాగా కనిపించేదాకా పైకెత్తండి. కిటికీ తెల్లగా పేలిపోతుంది, పోనివ్వండి. ఆ లేయర్ పక్కనున్న తెల్లని మాస్క్ మీద క్లిక్ చేసి కంట్రోల్ ఐ నొక్కితే అది నల్లబడి, మార్పంతా మాయమవుతుంది. మాస్క్‌లో తెలుపు చూపిస్తుంది, నలుపు దాస్తుంది, బూడిదరంగు సగం సగం. ఇప్పుడు బి నొక్కి బ్రష్ తీసుకోండి. హార్డ్‌నెస్ (అంచు గట్టితనం) 0, ఫ్లో (ఒక్కసారికి పడే రంగు) 15 శాతం దగ్గర పెట్టి, తెల్లరంగుతో ముఖం మీద మెల్లగా నాలుగైదు సార్లు తిప్పండి. వెలుగు జుట్టు మీదికి పాకితే ఎక్స్ నొక్కి నలుపుతో తుడిచేయండి. చివర్లో ఆల్ట్ పట్టుకుని మాస్క్ మీద క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే తెరనిండా కనిపిస్తుంది. చెవి దగ్గర వదిలేసిన ముక్క, గడ్డం కింద అనుకోకుండా పడ్డ గీత అప్పుడే బయటపడతాయి.

బ్రష్ తిప్పుతున్నా ఏమీ పడటం లేదని ల్యాబ్‌లో అడుగడుగునా వినిపిస్తుంది. ముందు మాస్క్ చుట్టూ ఫ్రేమ్ ఉందో లేదో చూడండి, లేకపోతే మాస్క్ ఎంపికే కాలేదు. తర్వాత రంగు: నల్లమాస్క్ మీద నలుపు వేస్తుంటే ఎంతసేపైనా ఏమీ మారదు. ఆ రెండూ సరిగ్గా ఉంటే ఎక్కడో మూల చిన్న సెలక్షన్ మిగిలిపోయి ఉంటుంది, కంట్రోల్ డి నొక్కితే పోతుంది. (గింప్‌లో ఇదే షార్ట్‌కట్ ఫొటోకు ఇంకో కాపీ తెరుస్తుంది. అక్కడ కంట్రోల్ షిఫ్ట్ ఏ వాడాలి.) అప్పటికీ పడకపోతే బ్రష్ ఓపాసిటీ (రంగు గాఢత), మోడ్ చూడండి.

మచ్చలు తీయడానికి కొత్త ఖాళీ లేయర్ వేసి, హీలింగ్ బ్రష్ తీసుకుని, పైనున్న బార్‌లో శాంపుల్ దగ్గర ‘కరెంట్ అండ్ బిలో’ ఎంచుకోండి. చర్మం మధ్యలో హీలింగ్ బ్రష్ బాగా పనిచేస్తుంది. పెదవి, జుట్టు, చొక్కా కాలరు లాంటి అంచుల దగ్గర మాత్రం పక్క రంగును లాక్కుని మసి పూసినట్టు చేస్తుంది, అక్కడ క్లోన్ స్టాంపే వాడాలి. క్లోన్ చేసేటప్పుడు ఆల్ట్ క్లిక్‌తో మూలాన్ని (కాపీ తీసుకునే చోటును) తరచూ మార్చకపోతే ఒకే నమూనా వరసగా కనిపించి దొరికిపోతారు.

రంగుల విషయంలో ల్యాబ్ మానిటర్లను పూర్తిగా నమ్మలేం, ఒక్కోటి ఒక్కోలా చూపిస్తుంది. ఇన్ఫో ప్యానెల్‌లో అంకెలు చూడటం అలవాటు చేసుకోండి. తెల్లచొక్కా మీద ఎరుపు 228, ఆకుపచ్చ 214, నీలం 190 వస్తే ఫొటో పసుపు వైపు ఒరిగినట్టే. కర్వ్స్‌లో నీలం ఛానల్ పెంచి, ఎరుపు కాస్త దించి మూడింటినీ దగ్గరకు తెండి. గరిష్ఠమైన 255 తగిలిన చోట అంకె చదివితే మాత్రం తప్పుదారి పడతారు, అక్కడ అసలు సమాచారమే లేదు.

షార్పెనింగ్ సైజు మార్చాకే చేయాలి. అన్‌షార్ప్ మాస్క్‌లో అమౌంట్ 100, రేడియస్ 1, థ్రెషోల్డ్ 3తో మొదలుపెట్టి, 100 శాతం జూమ్‌లో చూడండి. అంచుల చుట్టూ తెల్లగీత కనిపిస్తే రేడియస్ ఎక్కువైంది.

లేయర్లున్న ఫైలును పీఎస్‌డీగా దాచి, జేపెగ్‌ను ఎప్పుడూ విడి కాపీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. జేపెగ్ బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి కుదిస్తుంది, తెరిచి మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. వెబ్ కోసమైతే ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’తో ఎస్‌ఆర్‌జీబీకి (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల ప్రమాణం) మార్చాలి. దాని పక్కనే ఉండే ‘అసైన్ ప్రొఫైల్’ నొక్కితే అంకెలు అలాగే ఉండి రంగులు మారిపోతాయి. పెన్‌డ్రైవ్ మీద నుంచే నేరుగా పని చేయకండి, మధ్యలో ఊడితే ఫైలు పాడవుతుంది. డిస్క్ మీద పని చేసి, అయ్యాక కాపీ చేసుకోండి. సబ్మిట్ చేసే ముందు ఇంకో కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూడండి. ఫాంటు లేదని హెచ్చరిక వస్తే, పీఎస్‌డీకి ఒక కాపీ తీసి ఆ కాపీలో టెక్స్ట్ లేయర్‌ను మీ కంప్యూటర్‌లోనే రాస్టరైజ్ చేసి (అక్షరాలను పిక్సెళ్లుగా మార్చి), రెండూ కలిపి ఇవ్వండి.