మిగిలిన కాలం ఎంత అనిపిస్తోంది? పెద్దవాళ్లను అడిగి కొలవడం ఎలా

పద్మారావునగర్‌లో ఉండే మా పెద్దమ్మను "ఇంకా కొత్తగా ఏమైనా చేయాలని ఉందా?" అని అడిగితే, "ఇంకేముందిలే నాయనా, పండుటాకును" అంది. అరగంట తిరగకుండానే వచ్చే వేసవికి పెద్ద ఆవకాయ జాడీ కొనాలనీ, కార్తికంలో కాశీ వెళ్లాలనీ చెప్పింది. మొదటిది అలవాటుగా వచ్చిన మాట, రెండోది మనసులో మాట. మిగిలిన కాలాన్ని మనిషి ఎలా చూస్తున్నాడో కొలవాలంటే ఈ రెండింటినీ విడదీయగలగాలి.

ఇందుకు ఒక కొలమానం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు లారా కార్‌స్టెన్‌సెన్, ఫ్రీడర్ లాంగ్ 1996లో దీన్ని రూపొందించారు. మొత్తం పది వాక్యాలు. ఒక్కోదానికి 1 నుంచి 7 వరకు అంకె ఇవ్వాలి. 1 అంటే నా విషయంలో అసలు నిజం కాదని, 7 అంటే పూర్తిగా నిజమని. ఏడు వాక్యాలు ముందున్న అవకాశాల గురించి, మూడు వాక్యాలు తరిగిపోతున్న కాలం గురించి. ఎన్నేళ్లు బతుకుతారని అందులో ఎక్కడా ఉండదు. మీరూ అడగకండి.

మొదటి పని, వాక్యాలను తెలుగులో పెట్టుకోవడం. అసలు కష్టం ఇక్కడే. "కాలం దగ్గరపడింది" అని రాస్తే మనకు చావే గుర్తొస్తుంది. "నాకున్న సమయం తగ్గిపోతున్నట్టు అనిపిస్తుంది" అనాలి. "నా భవిష్యత్తు అనంతం" అంటే వినేవాళ్లు వేదాంతంలోకి, మరుజన్మలోకి వెళ్లిపోతారు. "నా ముందున్న కాలానికి హద్దు లేనట్టు అనిపిస్తుంది" అంటే సరిగ్గా అందుతుంది. మూలం చూడని మరొకరి చేత మీ తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, రెండూ పోల్చుకోండి. తర్వాత నలుగురైదుగురికి చదివి వినిపించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పమనండి. హైదరాబాద్‌లో ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లకు ఇదంతా ఉర్దూలో విడిగా చేయాలి.

చోటు ముఖ్యం. బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కులో పొద్దుటి నడక ముగించి బెంచీ మీద కూర్చున్న వేళ బాగుంటుంది. ఆసుపత్రి వరండా వద్దు. పిల్లలు పక్కనుంటే జవాబు వాళ్ల కోసం మారుతుంది కాబట్టి ఒంటరిగా ఉన్నప్పుడే అడగండి. కాగితం మీద ఏడు మెట్లు గీసి, ఒక్కో వాక్యం నెమ్మదిగా చదివి, ఏ మెట్టో వేలితో చూపించమంటే అంకెల బెరుకు ఉండదు.

చాలామంది పెద్ద అంకె చెబితే దిష్టి తగులుతుందని వెనుకాడతారు. ఇది జాతకం కాదు, మీకు ఏమనిపిస్తే అదే సరైన జవాబని ముందే చెప్పండి. చివర్లో వచ్చే ఏడాది ఏమేం చేయాలనుకుంటున్నారో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఎవరైనా బాధపడితే కాగితం పక్కన పెట్టి మాట వినండి. ఆ దిగులు లోతైనదనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి.

లెక్క సులువే. కాలం తరుగుతోందన్న మూడు వాక్యాల అంకెలను 8 నుంచి తీసివేయాలి. 6 ఇస్తే 2 అవుతుంది. తర్వాత పదింటి సగటు తీయాలి. ఎక్కువ సగటు అంటే ముందున్న కాలం విశాలంగా కనిపిస్తోందని అర్థం. ఒక్క సగటుతో ఆగకండి. ఒకామె అవకాశాల వాక్యాలన్నింటికీ 5, మిగిలిన మూడింటికీ 6 ఇచ్చిందనుకోండి. సగటు 4.1 వస్తుంది. కాలం తక్కువని తెలిసీ ఆశలు నిండుగా ఉన్న మనిషి ఆ అంకెలో కనిపించదు. అవకాశాలపై చూపు, పరిమితులపై చూపు వేర్వేరని 2007లో కేట్, జాన్ అనే పరిశోధకులు చూపించారు. రెండు సగటులూ విడివిడిగా రాయండి.

తేదీ తప్పక వేయండి. ఈ భావన వయసు ఒక్కదానితోనే మారదు. కాలం తక్కువనిపిస్తే మనిషి దగ్గరివాళ్ల వైపే మొగ్గుతాడు. 1997లో హాంకాంగ్‌ను చైనాకు అప్పగించే రోజులు దగ్గరపడినప్పుడు అక్కడి యువకులు సైతం పెద్దవాళ్లలాగే బాగా తెలిసిన మనుషులతోనే సమయం గడపడానికి మొగ్గారు. ఇంట్లో చావు జరిగినా, మనవరాలి పెళ్లి కుదిరినా అంకెలు మారవచ్చు. ఆ విశేషం కాగితం మీద రాసిపెట్టి, ఆరు నెలల తర్వాత పాత జవాబులు చూపించకుండా అవే పది వాక్యాలు మళ్లీ చదవండి.