హాట్‌స్పాట్ డేటా మధ్యాహ్నానికే అయిపోతుంటే

పండక్కి కావలి వచ్చి ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసుకుంటుంటే, రోజుకిచ్చే 1.5 జీబీ అన్నానికి లేచేలోపే అయిపోయేది. చూస్తే ప్రోగ్రాములు రాసుకునే వీఎస్ కోడ్ తనంతట తనే కొత్త వెర్షన్ దించుకుంటోంది, దాని వెనకాలే అందులో చేర్చుకున్న ఎక్స్‌టెన్షన్లూ.

వీఎస్ కోడ్‌లో కంట్రోల్, కామా కలిపి నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. పైన వెతికే చోట 'అప్‌డేట్ మోడ్' అని కొట్టి, 'డిఫాల్ట్' తీసి 'మాన్యువల్' పెట్టండి. 'నన్' మాత్రం వద్దు, అది అప్‌డేట్లనే మొత్తానికి ఆపేస్తుంది. అలాగే 'ఎక్స్‌టెన్షన్స్ ఆటో అప్‌డేట్' వెతికి ఆపేయండి. ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపే డాకర్ డెస్క్‌టాప్ కూడా ఉంటే అందులోనూ ఇలాంటి టిక్ ఒకటుంటుంది, తీసేయండి.

వైఫై దొరికిన రోజు హెల్ప్ మెనూలో 'చెక్ ఫర్ అప్‌డేట్స్' నొక్కితే సరి. నేనైతే ఆదివారం ట్రంకు రోడ్డులో మా బావ కొట్లో కూర్చుంటా, టీ కూడా వస్తుంది.

ఒక్కటి చూసుకోండి. వీఎస్ కోడ్‌లో కోడ్ రాయడానికి సాయపడే ఏఐ, కోపైలట్ చాట్ వాడేవాళ్లకు ఇలా అప్‌డేట్లు ఆపి ఉంచడం ఎక్కువ రోజులు కుదరదు. దాని కొత్త వెర్షన్‌కి కొత్త వీఎస్ కోడే కావాలి. సెక్యూరిటీ సవరణలు కూడా అప్‌డేట్లలోనే వస్తాయి కాబట్టి వారానికోసారైనా చేసుకోవాల్సిందే.