హారర్ సినిమా చూసినా భయం వేయడం లేదా? సమస్య ఎక్కడుందో చూద్దాం

"చాలా భయంగా ఉందన్నారు, నాకైతే ఏమీ అనిపించలేదు" అనేవాళ్లు మన చుట్టూ బోలెడంతమంది. తప్పు కొన్నిసార్లు సినిమాది, కొన్నిసార్లు చూసిన తీరుది. హారర్ అంటే ప్రాణం పెట్టే మనిషిగా నా నమ్మకం ఇది: దెయ్యం కనిపించకముందే భయం పుట్టాలి. అది వస్తుందేమోనని మనం చెవులు రిక్కించి కూర్చునే ఆ కాసేపట్లోనే అసలు హారర్ ఉంటుంది. కింద ప్రతి సమస్యలోనూ ఆ ఎదురుచూపు ఎక్కడ తెగిందన్నదే వెతికాను. ముందు మన చేతిలో ఉన్నవాటితో మొదలుపెడదాం.

సమస్య: అందరూ వణికిపోయామన్న సినిమా నాకు చప్పగా అనిపించింది

ఫోన్‌లో చూశారా? అయితే కారణం దొరికినట్టే. హారర్‌లో సగం పని శబ్దానిది. ఫోన్ స్పీకర్ లోతైన శబ్దాలను పలికించలేదు. 'పారానార్మల్ ఆక్టివిటీ'నే తీసుకోండి. 2007లో ఓరెన్ పెలీ తన సొంత ఇంట్లోనే, సుమారు 15 వేల డాలర్లతో తీసిన సినిమా. పడకగదిలో స్టాండు మీద కెమెరా, నిద్రపోతున్న జంట, తెరిచి ఉన్న తలుపు, అంతే. ఏదైనా జరగబోయే ముందు సన్నగా ఒక హోరు మొదలవుతుంది. అది చెవిన పడితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. పడకపోతే మాత్రం ఇద్దరు మనుషులు నిద్రపోతున్న వీడియో చూసినట్టే ఉంటుంది.

పరిష్కారం: మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. టీవీలో చూస్తుంటే రంగులను, వెలుతురును మరీ పెంచే వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్‌లో పెట్టండి. కదలికలను నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ ఆఫ్ చేయండి. అది ఉంటే ఎంత గొప్ప సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది. సౌండ్‌లో నైట్ మోడ్ ఉంటే అదీ ఆపండి. అది చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తగ్గిస్తుంది. ఆ రెంటికీ మధ్య తేడా లేకపోతే హారర్‌లో ఇంకేం మిగలదు. మధ్యలో వాట్సాప్ చూడటం కూడా మానేయాలి. నోటిఫికేషన్ వచ్చిందంటే దర్శకుడు పది నిమిషాలు కూడబెట్టిన టెన్షన్ ఆ క్షణంలోనే పోతుంది.

సమస్య: ఉలిక్కిపడుతున్నాను, కానీ భయం వేయడం లేదు

ఇది సినిమా లోపమే. నిశ్శబ్దంలో ఒక్కసారిగా ఢామ్మంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. అది శరీరం చేసే పని, దర్శకుడి గొప్పతనం ఏమీ లేదు. ఈ ఎత్తు పాతదే. 1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్'లో ఒకమ్మాయి రాత్రిపూట ఒంటరిగా నడుస్తుంటుంది. వెనకాల ఎవరో వస్తున్నారనిపిస్తుంది. అడుగుల వేగం పెరుగుతుంది. ఇక మీద పడుతుందనగా బుస్సుమన్న శబ్దంతో ఒక బస్సు వచ్చి ఆగుతుంది. ఆ సినిమా నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఇలాంటి ఉలికిపాటును 'లూటన్ బస్' అనే అంటారు. ఆ ఒక్క శబ్దం కోసం అంతసేపు నడిపించారన్నది గమనించాల్సిన సంగతి. ఇప్పటి సినిమాలు చాలావరకు నడక తీసేసి బస్సునొక్కదాన్నే ఉంచుకున్నాయి. పిల్లి దూకినా, ఫ్రెండ్ భుజం మీద చెయ్యి వేసినా అదే రీరికార్డింగ్.

పరిష్కారం: ఓపిక ఉన్న దర్శకులను వెతుక్కోండి. 1990లో వచ్చిన 'ది ఎక్సార్సిస్ట్ త్రీ'లో ఆసుపత్రి వరండా సీన్ చూడండి. కెమెరా దూరంగా ఒక మూల కదలకుండా ఉంటుంది. రాత్రి డ్యూటీ నర్సు గదుల్లోకి వెళ్తుంది, వస్తుంది. గార్డు తన దారిన తాను వెళ్లిపోతాడు. సంగీతం ఉండదు, క్లోజప్‌లు దాదాపు ఉండవు. మనమే ఆ వరండా అంతా కళ్లతో గాలిస్తుంటాం, ఏ తలుపు తెరుచుకుంటుందా అని. ఆ తర్వాత వచ్చే ఒక్క క్షణం గుండె గుభేలుమనిపిస్తుంది. అక్కడా పెద్ద శబ్దమే వస్తుంది, కానీ ఆ శబ్దాన్ని కష్టపడి సంపాదించుకున్నారు. 'ది కంజ్యూరింగ్'లో సెల్లార్ మెట్ల మీద తల్లి అగ్గిపుల్ల గీసినప్పుడు వినిపించే చప్పట్లు కూడా ఆ కోవలోవే.

సమస్య: ఇంటర్వెల్ దాకా బాగా భయమేసింది, తర్వాత పోయింది

మన తెలుగు హారర్‌కు పట్టుకున్న పాత జబ్బు ఇది, నాకు అన్నింటికంటే బాధ కలిగించేదీ ఇదే. ఫస్ట్ హాఫ్‌లో ఇల్లు, చీకటి, అర్థంకాని శబ్దాలు. సెకండ్ హాఫ్ మొదలవగానే దెయ్యానికి ఫ్లాష్‌బ్యాక్, అందులో అన్యాయం, ఆపై పగ, చివర్లో మాంత్రికుడు, హోమం. దెయ్యం ఎవరో, ఎందుకొచ్చిందో, ఎలా పోతుందో పూర్తిగా తెలిసిపోయాక మనం జాలిపడతాం. జాలి మంచిదే, కానీ దాంతో పాటు భయం నిలవదు. 2022లో వచ్చిన 'మసూద' నాకు చాలా ఇష్టం. కూతురి ప్రవర్తన మారుతుంటే ఒంటరి తల్లి పడే అవస్థ, సాయానికొచ్చిన పక్కింటి కుర్రాడు తానే బిక్కచచ్చిపోవడం నిజంగా భయపెడతాయి. హీరోనే వణుకుతుంటే మనకు ధైర్యం చెప్పేవాళ్లెవరు? అంత మంచి సినిమా కూడా పాతకథ విప్పడం మొదలుపెట్టాక నా చేయి వదిలేసింది.

పరిష్కారం: కారణాలు పొదుపుగా చెప్పే సినిమాలు చూడండి. రాంగోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి' ఇప్పటికీ నిలబడటానికి కారణం రేవతి ముఖం, ఖాళీ గదుల్లో తిరిగే కెమెరా. 2003లో ఆయనే హిందీలో తీసిన 'భూత్'లో అపార్ట్‌మెంట్, లిఫ్ట్, వాచ్‌మన్ వంటి రోజూ చూసేవాటితోనే వణికించారు, సినిమాలో పాటలు పెట్టలేదు. విక్రమ్ కుమార్ '13బి' (2009) ఇంకో మెట్టు పైన. హీరో ఒక్కడే ఎక్కితే లిఫ్ట్ కదలదు, ఇంట్లో పాలు విరిగిపోతాయి, ఆ ఇంట్లో ఫోన్‌తో ఫొటో తీస్తే ముఖం వంకర పోతుంది. టీవీలో వచ్చే సీరియల్‌లో తమ ఇంటి కథే నడుస్తుంటుంది. దీనికీ ఫ్లాష్‌బ్యాక్ ఉంది. అయినా అప్పటికే మన ఇంటి టీవీ మీదే మనకు అనుమానం పుట్టించేసింది.

సమస్య: దెయ్యాన్ని చూడగానే భయం తగ్గిపోయింది

ఎక్కువసేపు చూపించారు. గ్రాఫిక్స్ ముఖాన్ని పూర్తి వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూపిస్తే మనం అందులో లోపాలు వెతుకుతాం. 1975లో 'జాస్' తీసేటప్పుడు యాంత్రిక సొరచేప ఉప్పునీటిలో మాటిమాటికీ మొరాయించింది. దాంతో స్పీల్‌బర్గ్ చాలాభాగం నీళ్లను, సంగీతాన్ని పెట్టుకుని నడిపించారు. జనం ఆ నీళ్లకే జడిసిపోయారు. జపాన్ 'రింగు' (1998)లో దెయ్యం సడాకో ముఖం కూడా జుట్టు చాటునే ఉంటుంది. నటిని వెనక్కి నడిపించి, ఆ ఫిల్మును తిరగేసి వాడారు. ఆ నడక మనిషి నడకలా ఎందుకు లేదో చూసేవాళ్లకు అంతు చిక్కదు. గ్రాఫిక్స్ మీద ఆధారపడని పాత సినిమాలు నాలుగు చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

సమస్య: డబ్బింగ్‌లో చూస్తే తేలిపోయింది

దెయ్యానికి గొంతే ప్రాణం. 'ది ఎక్సార్సిస్ట్' (1973)లో ముఖం చిన్నపిల్ల లిండా బ్లెయిర్‌ది, పిశాచం గొంతు మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్‌ది. మన 'అరుంధతి' (2009)లో పశుపతి శరీరం సోనూ సూద్‌ది, గొంతు రవిశంకర్‌ది. ఆ గొంతు లేకుండా పశుపతిని ఊహించుకోండి. డబ్బింగ్‌లో సరిగ్గా అదే పోతుంది. ఒరిజినల్ ఆడియో పెట్టుకుని సబ్‌టైటిల్స్‌తో చూడండి. మలయాళ 'భూతకాలం' (2022) కూడా అలాగే చూడాలి. అందులో రేవతి తల్లిగా మాట్లాడే అలసిపోయిన మాటల్లోనే సగం భయం ఉంది.

సమస్య: భయపడాల్సిన చోట నవ్వొస్తోంది

2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడాక మనకు వరసగా హారర్ కామెడీలు వచ్చాయి. థియేటర్లో దెయ్యం కనిపిస్తే నవ్వాలన్న అలవాటు పడిపోయింది. నవ్వు తప్పేం కాదు, 'ఆనందో బ్రహ్మ'లో మనుషులను చూసి దెయ్యాలే భయపడటం మంచి ఆలోచన. కానీ నిజంగా భయపెట్టే సినిమాకు గుంపుతో వెళ్తే ఒకడు జోకు వేస్తాడు, మిగతావాళ్లు ధైర్యం తెచ్చుకుంటారు. ఒంటరిగా గానీ, నోరు మెదపని ఒకే ఒక్క ఫ్రెండ్‌తో గానీ చూడండి.

సమస్య: భయం మరీ ఎక్కువై రాత్రి నిద్ర పట్టడం లేదు

సినిమా అవగానే పడుకోవద్దు. లైటు వేసుకుని దాని మేకింగ్ వీడియో చూడండి. 'ది ఎక్సార్సిస్ట్'లో నటుల నోట్లోంచి ఆవిరి రావడం కోసం పడకగది సెట్టును గడ్డకట్టేంతగా చల్లబరిచారని తెలిశాక, మంచం చుట్టూ కోట్లు వేసుకుని నిలబడ్డ యూనిట్ మనుషులు కళ్ల ముందు మెదులుతారు. పిల్లలు పక్కన కూర్చుంటామంటే మాత్రం ముందు సర్టిఫికెట్ చూడండి. 2024 నుంచి సెన్సార్ బోర్డు, పిల్లలు పెద్దల మార్గదర్శకంలో చూడాల్సిన సినిమాలకిచ్చే యూఏలోనే 7+, 13+, 16+ అని వేరుచేసి ఇస్తోంది. 16+ ఉన్న హారర్‌ను పదేళ్ల పిల్లలకు చూపించకండి, వాళ్లెంత మారాం చేసినా సరే.